ఈ పండక్కి ఏమిద్దాం?



క్రిస్మస్, కొత్త సంవత్సరం, సంక్రాంతి. మూడూ మూడు వారాల్లో వచ్చిపడతాయి. నంద్యాలలో ఈ రోజుల్లో ఏ బజారుకు పోయినా ఒకటే సందడి. కేకుల దుకాణాల ముందు షామియానాలు లేస్తాయి. గిఫ్టు సెంటర్లలో తళతళలాడే కాగితాలు చుట్టిన డబ్బాలు పేర్చి ఉంటాయి. లోపల ఏముందో కొనేవాళ్ళు పెద్దగా అడగరు. "రెండొందల్లో ఏమన్నా చూపించన్నా" అంటారు, అంతే. ఎవరికి ఇవ్వాలో ముందే తెలుసు, ఎంతలో ఇవ్వాలో తెలుసు. ఏమివ్వాలన్నదే ఆఖరున తేలే సంగతి.

పండగ మర్నాడు పొద్దున మునిసిపాలిటీ చెత్తబండి మీ వీధిలోకి వచ్చినప్పుడు ఒకసారి దాంట్లోకి తొంగి చూడండి. మెరుపు కాగితం, ప్లాస్టిక్ రిబ్బన్లు, థర్మాకోల్ ముక్కలు, మిఠాయి డబ్బా మీద చుట్టిన పలుచటి పొర, కేకు కింద పెట్టిన బంగారు రంగు అట్ట, బొకేకు చుట్టిన జిలుగు వల. మనం ఇచ్చిన వస్తువు ఏ అటక మీదికో చేరి ఉంటుంది. దాని చుట్టూ ఉన్నదంతా ఈ బండిలో ఉంటుంది. బండికి అందనిది వాన పడ్డప్పుడు మద్దిలేరులోకో, చామకాల్వలోకో కొట్టుకుపోతుంది. అక్కణ్ణుంచి కుందూలోకి, కుందూ నుంచి పెన్నకు. వాన గట్టిగా పడితే ఈ వాగులు ఊళ్ళోకి ఎట్లా వస్తాయో నంద్యాల వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. కాల్వకు అడ్డం పడేవాటిలో మన పండగ వాటా కూడా ఉంటుంది.

చాలామందికి తెలియని సంగతి ఒకటి చెబుతాను. 2022 జూలై 1 నుంచి మన దేశంలో కొన్ని రకాల ప్లాస్టిక్ వస్తువుల్ని, ఒకసారి వాడి పారేసేవాటిని, నిషేధించారు. ప్లాస్టిక్ చెంచాలు, గ్లాసులు, పళ్ళేలు, స్ట్రాలు ఆ జాబితాలో ఉన్నాయని అందరూ విన్నారు. మిఠాయి డబ్బాలకూ, శుభలేఖలకూ చుట్టే పలుచటి ప్లాస్టిక్ పొర కూడా అందులోనే ఉంది. అలంకరణకు వాడే థర్మాకోల్ కూడా ఉంది. అయినా ఆ పొర లేని మిఠాయి డబ్బా దొరకడం ఇవాళ్టికీ కష్టమే. చట్టం చేసినవాళ్ళు చేశారు, అమ్మేవాళ్ళు అమ్ముతున్నారు, మనం తీసి పారేస్తున్నాం. ఈ గొలుసులో మన చేతిలో ఉన్న కొస ఒక్కటే: కొనకుండా ఉండటం.

మరి ఏమిద్దాం? దీనికి జవాబు కోసం దూరం పోనక్కర్లేదు. నంద్యాల నుంచి కడప రోడ్డు పట్టుకుని, శిరివెళ్ళ మీదుగా నలభై కిలోమీటర్లు పోతే ఆళ్ళగడ్డ. అక్కణ్ణుంచి నల్లమల వైపు తిరిగితే అహోబిలం. అక్కడి నరసింహస్వామి ఏటా సంక్రాంతికి చేసే పని ఒకటుంది. అది ఆ చుట్టుపక్కల పల్లెల వాళ్ళకు కొత్త కాదు. బయటివాళ్ళకు మాత్రం ఇప్పటికీ ఆశ్చర్యమే.

కనుమ నాడు స్వామి పల్లకి ఎక్కుతాడు. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహుడు, దిగువ అహోబిలం నుంచి ప్రహ్లాదవరదుడు, ఇద్దరూ ఒకే పల్లకిలో బయలుదేరుతారు. దీన్నే పార్వేట అంటారు. నలభై రోజులకు పైగా, ముప్పైకి పైగా పల్లెలు తిరుగుతాడు. ఎందుకయ్యా అంటే, ఫాల్గుణ మాసంలో బ్రహ్మోత్సవాలు, తన కల్యాణం. దానికి జనాన్ని పిలవడానికి. చెంచులక్ష్మిని చేసుకున్నాడు కాబట్టి చెంచులకు ఆయన ఇంటి అల్లుడు. అల్లుడికి అడవిలో ఉన్న మర్యాద వేరు. ఆ వేడుకలో చెంచులు విల్లంబులు పట్టుకొస్తారు, బాణాలు వేస్తారు. పల్లకి ఏ ఊరికి వస్తే ఆ ఊరికి ఆ రోజే పెద్ద పండగ. ఆడబిడ్డలు పుట్టింటికి వస్తారు, అల్లుళ్ళు వస్తారు, కొత్త బట్టలు కడతారు. అరుగు మీద పల్లకి దించితే ఊరు ఊరంతా టెంకాయలు, పండ్లు పట్టుకుని వరుస కడుతుంది.

ఆయన వెంట శుభలేఖ ఏదీ రాదు. దళసరి అట్ట మీద బంగారు అంచు, దాని మీద గుచ్చిన రాళ్ళు, దాన్ని దూర్చే ఇంకో డబ్బా, ఇవేవీ లేవు. పిలవాల్సినవాడు మనిషిని వెతుక్కుంటూ గడపకు వచ్చాడు. పిలిపించుకున్నవాళ్ళు ఇంట్లో ఉన్నది తెచ్చి ముందు పెట్టారు. కానుక అనేదానికి ఇంతకు మించి ఏం కావాలో నాకు తెలియదు. శుభలేఖల మీద మనవాళ్ళు ఈ మధ్య పెడుతున్న ఖర్చు చూస్తే, పెళ్ళికొడుకును నాలుగు ఊళ్ళు తిప్పినా అంతకన్నా తక్కువే అవుతుందేమో.

నిజానికి మన ఇళ్ళల్లో ఇచ్చిపుచ్చుకునే పద్ధతులు చాలావరకు ఇట్లాగే ఉండేవి. ఒడిబియ్యం సంగతి తీసుకోండి. ఆడబిడ్డ పుట్టింటి నుంచి బయలుదేరేటప్పుడు పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి గిన్నెలు, ఖర్జూరాలు, వక్కలు, పసుపు కొమ్ములు ఒళ్ళో పోస్తాం. ఆ బియ్యాన్ని అత్తగారింటికి తీసుకుపోయి వండి నలుగురికీ పెట్టేది. కానుకగా ఇచ్చింది ముద్దగా మారి పదిమంది కడుపులోకి పోయింది. పారేసేది ఏముంది అందులో? శ్రావణమాసంలో వాయనం ఇస్తాం. నానబెట్టిన శనగలు, తమలపాకులు, వక్క, అరటిపండు. కోవెలకుంట్ల వైపు నల్లరేగళ్ళలో పండిన శనగ అది. మన నేల గింజే మన పక్కింటి పేరంటాలి కొంగులో పడుతుంది. సాయంత్రానికి ఆ శనగలు ఆ ఇంట్లో తాలింపు వేసుకుని ఉంటారు.

ఈ మధ్య వాయనంలోకి ప్లాస్టిక్ దూరింది. శనగలతోపాటు చిన్న ప్లాస్టిక్ డబ్బా, లేకపోతే ప్లాస్టిక్ బుట్ట. దాన్ని రిటర్న్ గిఫ్ట్ అంటున్నారు. వ్రతానికి ఇరవై ఇళ్ళకు పోయి వచ్చిన ఆవిడ ఇంట్లో ఇరవై డబ్బాలు. వాటిని ఏం చేసుకుంటుంది? ఇంకో వ్రతానికి ఇంకొకరికి ఇస్తుంది. రవికె గుడ్డల కథ అయితే మరీను. కుట్టించుకోవడానికి పనికిరాని పాలిస్టరు ముక్క ఒకటి మడతల గుర్తులతో సహా ఊరంతా తిరుగుతుంది. మొదట ఇచ్చినావిడ గుర్తుపడుతుంది గానీ నోరెత్తదు, తనూ ఎవరికో ఇవ్వాలి కదా. ఆడవాళ్ళందరికీ తెలిసిన రహస్యం ఇది. ఒక మంచి నూలు రవికె గుడ్డ ముగ్గురికి ఇస్తే, ముగ్గురూ కుట్టించుకుంటారు. పాలిస్టరు ముక్కలు ముప్పైమందికి ఇస్తే ఒక్కరూ కుట్టించుకోరు.

మన నేల ఏమిస్తుందో చూద్దాం. నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం 1906 నుంచీ ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు తీసిన కొర్ర రకం ఒకదానికి సూర్యనంది అని పేరు పెట్టారు. మన నవనందుల గుళ్ళలో ఒకదాని పేరు అది. పత్తి రకం ఒకదానికి నరసింహ అన్నారు. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పుడు పట్నాల్లో కొర్రబియ్యం పొట్లాలు అద్దాల దుకాణాల్లోకి ఎక్కాయి. మనకు కొర్ర అంగట్లో కొత్తగా దొరికిన సరుకేమీ కాదు, అవ్వ వండిన అన్నం. హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉన్న మీ కొడుక్కో, కోడలికో, స్నేహితులకో రెండు కిలోల కొర్రబియ్యం గుడ్డసంచిలో కట్టి పంపండి. వండే పద్ధతి ఒక కాగితం మీద మీ చేత్తో రాసి సంచిలో పెట్టండి. ఆ కాగితం వాళ్ళు దాచుకుంటారు, చూడండి.

అడవి ఇచ్చేది తేనె. నల్లమలలో చెంచులు తాళ్ళు కట్టుకుని చెట్లెక్కీ, కొండచరియలు దిగీ, పొగబెట్టి తీస్తారు. గిరిజన సహకార సంస్థ వాళ్ళ దగ్గర కొని అమ్ముతుంది. ఒక గాజు సీసా తేనె చాలు. రంగు డబ్బాలో పెట్టిన చాక్లెట్ల కన్నా ఎక్కువ రోజులు ఉంటుంది, సీసా ఉప్పుకో పోపు గింజలకో పనికొస్తుంది.

ఇక పొలం ఇచ్చేది బుడ్డలు, బెల్లం. ఏ ఇంట్లోనైనా చేయగలిగిన కానుక బుడ్డల ఉండలు. తెలిసినవాళ్ళు క్షమించాలి. కొత్త కాపురాల వాళ్ళ కోసం కాస్త వివరంగా చెబుతాను. బుడ్డల పప్పు నాలుగు గ్లాసులు తీసుకుంటే బెల్లం తురుము మూడు గ్లాసులు. పప్పును మందపాటి మూకుట్లో సన్నమంట మీద వేయించాలి. తొందరపడి మంట పెంచితే పైన మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. పొట్టు పగిలి కమ్మటి వాసన వచ్చాక దించి, ఆరాక అరచేతుల మధ్య నలిపి చేటలో చెరిగితే పొట్టు పోతుంది. పప్పు రెండుగా విడిపోతుంది, అదే మంచిది. బెల్లంలో అది తడిసేటన్ని నీళ్ళు మాత్రం పోసి కరిగించి వడగట్టాలి, మట్టీ ఇసుకా ఉంటుంది కాబట్టి. మళ్ళీ పొయ్యి మీద పెట్టి తిప్పుతూ ఉండాలి. నురగ మొదట పెద్ద పెద్ద బుడగలుగా లేస్తుంది, తరవాత చిక్కబడి చిన్న బుడగలవుతాయి. అప్పుడు గిన్నెలో చల్లటి నీళ్ళు పెట్టుకుని ఒక చుక్క వేసి చూడాలి. నీళ్ళలో కరిగిపోతే ఇంకా కాలేదు. వేలితో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ అయిందంటే అది అరిసెల పాకం, మనకు చాలదు. ఆ ఉండ గట్టిపడి, తీసి పళ్ళెంలో వేస్తే టంగుమని మోగాలి. అదీ పాకం. వెంటనే దించి, యాలకుల పొడి వేసి, పప్పు పోసి కలిపి, చేతులకు నెయ్యి రాసుకుని వేడివేడిగా ఉన్నప్పుడే ఉండలు చుట్టాలి. ఆరిందంటే ఉండ కట్టదు. ఒక్కరే చేస్తే కష్టం, ఇద్దరు ముగ్గురు కూర్చోవాలి. ఎవరు ఎక్కువ చుట్టారో, ఎవరి ఉండ వంకరగా వచ్చిందో, ఎవరి చెయ్యి కాలిందో, ఆ మాటలన్నీ కలిసే ఉంటాయి అందులో. తడి తగలని డబ్బాలో రెండు మూడు వారాలు నిలవుంటాయి.

నువ్వులతోనూ ఇదే పద్ధతి. భోగి నాడు మన ఇళ్ళల్లో నువ్వులు అద్ది చేసే సజ్జరొట్టెలు కూడా ఎండబెట్టి దాచుకుని తినేవే. నాలుగు రొట్టెలు గుడ్డలో చుట్టి దూరపు చుట్టానికి పంపితే చెడేది లేదు.

చేసింది దేంట్లో పెట్టి ఇవ్వాలి? ఇక్కడా ఒక చిక్కు ఉంది. ఇంట్లో నేతితో చేసిన ఉండల్ని తీసుకుపోయి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, దానికి మెరుపు కాగితం చుడితే పడిన శ్రమంతా మళ్ళీ ఆ చెత్తబండి పాలు. మనకు మహానంది వైపు అరటితోటలకు కొదవ లేదు. ఎండిన అరటి దొప్పను కాసేపు నీళ్ళలో నానబెట్టి నిలువుగా చీలిస్తే నార వస్తుంది. పూలమాలలు కట్టేవాళ్ళు చేసే పనే. మోదుగాకు విస్తరిలో పొట్లం కట్టి ఆ నారతో ముడి వేయండి. ఏ రిబ్బనూ దాని ముందు నిలవదు. ఒక జాగ్రత్త: అచ్చు వేసిన వార్తాపత్రికల కాగితంలో తినే వస్తువులు, ముఖ్యంగా నూనె, నెయ్యి వస్తువులు చుట్టకండి. సిరా తిండికి అంటుతుంది. ఆహార భద్రత అధికారులు దాన్ని వద్దనే చెబుతున్నారు.

సంచుల విషయంలో మోసపోతున్నాం. పెళ్ళిళ్ళలో తాంబూలంతో పాటు ఇస్తున్నారే, రంగురంగుల మెత్తటి సంచులు, వాటి మీద వధూవరుల పేర్లు అచ్చు వేసి ఉంటాయి, అవి గుడ్డసంచులని చాలామంది సంతోషపడతారు. అందులో ఎక్కువ భాగం గుడ్డ కాదు, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్. నేసింది కాదు, వేడితో అతికించింది. అనుమానంగా ఉంటే ఒక పోగు లాగి జాగ్రత్తగా అగ్గిపుల్ల చూపించండి. నూలు అయితే కాగితంలా కాలి బూడిదవుతుంది. ప్లాస్టిక్ అయితే ముడుచుకుని చిన్న పూసలా గట్టిపడుతుంది. ఇంట్లో పాత నూలు చీర, పంచె ఎన్ని లేవు? మూరన్నర గుడ్డ మడిచి రెండు పక్కలా రెండేసి కుట్లు వేసి, పట్టీలు కుడితే సంచి. చీర అంచునే పట్టీగా వాడితే బలంగా ఉంటుంది. పాత చీరలంటే గుర్తొచ్చింది, బిడ్డ పుట్టిన ఇంటికి ఇవ్వదగ్గ కానుక బొంత. నాలుగైదు పాత నూలు చీరలు పొరలుగా వేసి కుట్టింది. ఏళ్ళ తరబడి ఉతికిన నూలు ఎంత మెత్తగా ఉంటుందో దుకాణంలో ఏ గుడ్డా అంత మెత్తగా ఉండదు. పసిబిడ్డ ఒంటికి అదే మేలు.

అన్నిటికన్నా మంచి పాత్ర ఏదంటే, తిరిగి వచ్చేది. మన వీధుల్లో రంజాన్ నాడు పక్కింటి నుంచి స్టీలు క్యారియర్లో షీర్ ఖుర్మా వస్తుంది. క్రిస్మస్ నాడు నాలుగిళ్ళ అవతలి నుంచి కేకు ముక్కలతో పాటు అరిసెలు, కర్జికాయలు వస్తాయి. క్రైస్తవుల ఇళ్ళల్లో కూడా మన వంటలే కదా. సంక్రాంతికి మనింటి నుంచి అటు పోతాయి. ఈ రాకపోకల్లో అందరికీ తెలిసిన నియమం ఒకటుంది, ఎవరూ రాసి పెట్టింది కాదు: గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదు. "గిన్నె తెచ్చుకోమంటారా వదినా?" అని వస్తే, "ఉండమ్మా, వట్టి గిన్నె ఎట్లిచ్చేది" అని నాలుగు బెల్లం ముక్కలో, గుప్పెడు చక్కెరో, చెట్టున కాసిన నిమ్మకాయలో వేసి పంపుతారు. అందుకే ఆ గిన్నె ఏడాది పొడవునా తిరుగుతూనే ఉంటుంది. దాని అడుగున చెక్కిన పేరు చూసి ఏ ఇంటిదో గుర్తుపడతాం. ఇప్పుడు విదేశాల్లో ఖాళీ డబ్బా తిరిగి తీసుకుని మళ్ళీ నింపే దుకాణాల గురించి గొప్పగా రాస్తున్నారు. మన గిన్నె నియమం అంతకన్నా ముదురు పద్ధతి. అక్కడ దుకాణంవాడు తీసుకుంటాడు, ఇక్కడ మనిషి నింపి పంపుతాడు.

ఇంట్లో చేయలేనివి కొన్ని ఉంటాయి. చేత్తో చేసేవాళ్ళ దగ్గర కొనండి. మేదరి వాళ్ళ వెదురు బుట్ట, చేట, కుమ్మరి ప్రమిదలు. మన పిల్లలు వెదురు పుల్లలు కట్టి రంగు కాగితం అతికించి చేసే క్రిస్మస్ నక్షత్రం, లోపల దీపం పెడితే, ప్లాస్టిక్ నక్షత్రం కన్నా అందంగా వెలుగుతుంది. హోలీ క్రాస్ చర్చి వైపు వీధుల్లో డిసెంబరు రాత్రుల్లో తలెత్తి చూడండి, ఏది బాగుందో మీకే తెలుస్తుంది.

ఆళ్ళగడ్డ శిల్పుల సంగతి కొంచెం వేరు. ఆళ్ళగడ్డ రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ ఉలి చప్పుడు వినకుండా వీధి దాటలేం. దేశంలో ఎన్నో గుళ్ళకు ఇక్కడి నుంచే విగ్రహాలు పోతాయి. రాయి తవ్వి తీసేదే కాబట్టి, చెట్టు మీది ఆకు అంత నిర్దోషి అని నేననను. కానీ ఏడాదికోసారి ప్లాస్టరాఫ్ పారిస్ బొమ్మ కొని రంగు పోయాక చెత్తలో పారేసే ఇంటికి, చిన్న రాతి నంది ఒకటి ఇస్తే అది మనవళ్ళ దాకా ఉంటుంది. గృహప్రవేశానికి వెళ్ళేవాళ్ళు నలుగురు కలిసి డబ్బు వేసుకుని ఒక్క మంచి శిల్పం ఇవ్వడం నా లెక్కలో నాలుగు గోడ గడియారాలు ఇవ్వడం కన్నా ఎంతో నయం. గోడలు నాలుగే, గడియారాలు మాత్రం గృహప్రవేశానికి పది వస్తాయి.

డబ్బు ఇవ్వడం పర్యావరణానికి మంచిది కాదా అని కొందరు అడుగుతారు. మంచిదే. చదివింపులు రాయించి చేతులు దులుపుకుంటే చెత్త ఏమీ మిగలదు. కాకపోతే అది పుస్తకంలో అప్పుగా రాయబడుతుంది. వాళ్ళింట్లో శుభకార్యానికి అంతకు పైన ఒక నూరు కలిపి ఇవ్వాలి. తీర్చాల్సిన బాకీని కానుక అని నేను ఒప్పుకోలేను.

ఇప్పుడు అసలు చిక్కు చెబుతాను. "ఇంట్లో చేసి ఇవ్వండి" అని రేడియోలో చెప్పడం తేలిక. ఇంట్లో చేసేది ఎవరు? పండగ అంటేనే ఆడవాళ్ళకు నడుము విరిగే పని. అరిసెలకు బియ్యం నానబెట్టడం, దంచడం, పాకం, పొద్దున నాలుగు గంటలకు లేచి పేడ కళ్ళాపి, ముగ్గులు. దీని మీద పాతిక ఇళ్ళకు బుడ్డల ఉండలు చుట్టమంటే ఆ తల్లి ఎందుకు చుడుతుంది? ఫోన్లో నాలుగు నొక్కులు నొక్కి పాతిక డబ్బాలు తెప్పించుకుంటుంది. ఆమెను తప్పుపట్టే హక్కు నాకు లేదు. ఈ మాటలు వింటున్న మగవాళ్ళకు చెబుతున్నాను: పర్యావరణ హితమైన పండగ కావాలంటే పాకం దగ్గర మీరు నిలబడండి. చేట చెరగడం ఒక పూటలో వస్తుంది. అంట్లు తోమడానికి అదీ పట్టదు. ఇల్లంతా కూర్చోలేదా, ఊళ్ళో మహిళా పొదుపు సంఘాల వాళ్ళు చేసి అమ్మేవి కొనండి, గిన్నె మీరే తీసుకుపోండి. పాతిక ఇళ్ళకు ఇవ్వాలన్న లెక్కను కూడా కాస్త తగ్గించండి. నిజంగా ఇవ్వాలనిపించే ఇళ్ళు ఎన్నో వేళ్ళ మీద లెక్కపెట్టండి. పది దాటవు.

నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం ఒకటుంది. "చవగ్గా కానిచ్చారు" అంటారేమోనని. నిజానికి మంచి బెల్లం, మంచి నెయ్యి, సోనా బియ్యం, నూలు గుడ్డ, ఇవేవీ చవక కావు. చవకైనవి ఆ తళతళలాడే డబ్బాలే. రెండొందలు పెట్టి కొన్నదానిలో లోపలి సరుకు ఎంత, పై చుట్టు ఎంత, కొన్నవాళ్ళకు తెలుసు. ఇటీవల చాలాచోట్ల అధికారులు కొత్త సంవత్సరం నాడు తమ దగ్గరికి బొకేలు, శాలువాలు తేవద్దు, పేదపిల్లలకు పనికొచ్చేలా నోటు పుస్తకాలు, పెన్నులు తెండి అని చెబుతున్నారు. పెద్ద కుర్చీలో ఉన్నవాళ్ళే అట్లా అంటుంటే, మన చుట్టాల దగ్గర మనకు మొహమాటం దేనికి? నోరు తెరిచి ఒక్క మాట చెప్పండి: "ఈసారి మాకు డబ్బాలు వద్దు, మీరు చేసింది ఏదైనా గిన్నెలో పంపండి" అని. చెప్పుకునేదాకా ఎవరికివాళ్ళు ఎదుటివాళ్ళకు డబ్బాలే ఇష్టమనుకుంటూ ఉంటారు.

బంతిపూల సంగతి మరిచాను. పోయిన దసరాకు, దీపావళికి గుమ్మాలకు కట్టిన నాటు బంతి తోరణాలు ఎండిపోయి ఎక్కడన్నా ఉంటే పారేయకండి. ఎండిన పువ్వును విప్పితే నల్లటి సూదుల్లాంటి గింజలుంటాయి. చిన్న కాగితం పొట్లాల్లో కట్టి పిల్లలకిచ్చి, వాళ్ళ స్నేహితులకు కొత్త సంవత్సరం కానుకగా ఇమ్మనండి. హైబ్రిడ్ పూల గింజలకు పూచీ లేదు గానీ, నాటు బంతి మొలుస్తుంది. చిక్కుడు, బీర, సొర విత్తనాలు కూడా మన ఊళ్ళల్లో ఎవరూ కొనేవాళ్ళు కాదు, ఇంటి నుంచి ఇంటికి పోయేవి.

సంక్రాంతికి ఇంకా రోజులున్నాయి. ఇవాళ సాయంత్రం వంటింటి అటక మీద, బీరువా కింది అరలో ఒకసారి వెతకండి. పక్కింటివాళ్ళ స్టీలు గిన్నెలు, చుట్టాల టిఫిన్ డబ్బాలు ఏళ్ళుగా తిరిగి పోనివి తప్పకుండా ఉంటాయి. అడుగున పేరు చూసి, తోమి పెట్టుకోండి. ఈ పండక్కి ఎవరెవరి ఇళ్ళకు ఏం పంపాలో జాబితా అక్కడే దొరుకుతుంది. నింపే పని మాత్రం మీదే.